ముందు టర్కీ, తర్వాతే క్రాపీ

వసంతంలో పిల్లలతో ఒకే రోజు అడవి టర్కీ కోళ్ల వేటకు, క్రాపీ అనే చేపలు పట్టడానికి వెళ్తే పొద్దున చేపలు, సాయంత్రం టర్కీ అని ఒక వ్యాసంలో రాశారు. అమెరికాలోని మిస్సోరిలో, ట్రూమన్ లేక్ వైపు వెళ్లేవాళ్లు దీన్ని తిరగేయడం మేలు. మగ టర్కీలు కూస్తూ చెట్లు దిగేది తెల్లవారుజామునే. పైగా మామూలు వసంత సీజన్‌లో ప్రభుత్వ భూముల్లో మధ్యాహ్నం ఒంటిగంటకల్లా వేట ఆపేయాలి.

పిల్లల చేతికి 12 గేజ్ (లావు గొట్టం షాట్‌గన్) ఇవ్వకండి. ఒక్కసారి భుజానికి గట్టిగా తన్నిందంటే మళ్లీ కళ్లు మూసుకునే ట్రిగ్గర్ లాగుతారు. అంతకంటే సన్న గొట్టం 20 గేజ్ చాలు. ఇంకా సన్నదైన .410 అయితే టంగ్‌స్టన్ గుళ్ల తూటాలు కావాలి. ఏదైనా ముందే 25 గజాల దూరంలో కాగితం మీద కాల్చి గుళ్లు ఎలా పరుచుకుంటున్నాయో చూసుకోవాలి. డికాయ్‌ని (టర్కీని రప్పించే బొమ్మ పక్షిని) 15-20 గజాల్లో పెడితే పిల్లలకు దూరం లెక్కేసుకునే పని తప్పుతుంది. బట్టల్లో ఎరుపు, తెలుపు, నీలం అసలొద్దు. మగ టర్కీ తల రంగులు అవే, ఇంకో వేటగాడు పొరబడొచ్చు. పక్షి దొరికితే ఆ రాత్రి పదిలోపు టెలిచెక్ చేయాలి, అంటే వేట వివరం రాష్ట్ర అధికారులకు నమోదు చేయాలి. టెలిచెక్ అయిన వెంటనే పక్షిని శుభ్రం చేసి ఐస్‌లో పెట్టాకే చెరువు దగ్గరికి కదలండి.

నీళ్లు 60-65 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు వస్తే క్రాపీ గుడ్లు పెట్టడానికి ఒడ్డు చేరుతుంది. 1/16 ఔన్స్ జిగ్ (బరువు తల ఉన్న గాలం), దానికి మూడు నాలుగు అడుగుల పైన బెండు. చలిగాలి తిరిగితే ఇంకాస్త లోతుకు దింపాలి. క్రాపీ పెదవి కాగితమంత పల్చన. పిల్లలు ఉత్సాహంగా గుంజితే చీలిపోతుంది, చేతివల తప్పనిసరి. ట్రూమన్‌లో మనిషికి రోజుకు 15, 9 అంగుళాలకు తక్కువైతే వదిలేయాలి.