రేకుముక్క పెట్టుకున్న అర్జీ

మన నగరంలో విచారణ అనేది ప్రమాదం జరిగాకే మొదలవుతుంది. నాలా పొంగాక పూడిక గుర్తుకొస్తుంది, బండి పడ్డాక గుంత కనిపిస్తుంది. ఇంతటి సంప్రదాయం గల ఊళ్లో అనర్థానికి ముందే ఫిర్యాదు చేసే ఉద్యోగి ఒకరున్నారని ఈ మధ్యే తెలుసుకున్నాను. నివాసం నా కారు ముందు చక్రం లోపల. ఆకారం గోరంత. వృత్తి కీచుమనడం.

చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కును రెండు వైపులా పట్టి ఆపే బిళ్లలే డిస్క్ బ్రేకు ప్యాడ్లు. వాటిలో చాలావాటికి ఒక చిన్న ఉక్కు రేకుముక్క ఉంటుంది. కొత్త ప్యాడ్ మీద రాపిడికి ఉద్దేశించిన పొర సుమారు 10 మిల్లీమీటర్ల మందం. అది అరిగి అరిగి 2, 3 మిల్లీమీటర్లకు దిగగానే, అంటే రెండు రూపాయి బిళ్లలను ఒకదానిపై ఒకటి పెట్టినంత మందానికి రాగానే, ఈ రేకు తిరుగుతున్న డిస్కును తాకి కీచుమంటుంది. దానికి ఆ గొంతు ఇచ్చిన ఇంజనీరు మనుషుల్ని ఎరిగినవాడు. వినసొంపుగా ఉంటే రింగ్‌టోన్‌గా పెట్టుకుని ఊరుకుంటామని గ్రహించే ఉంటాడు.

నా రేకు తొలి అర్జీని జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర దాఖలు చేసింది. పక్కనున్న ఆటో డ్రైవరు నా వైపు చూశాడు. నేను నా వెనక కారు వైపు చూశాను. తర్వాత రేడియో శబ్దం కాస్త పెంచాను. ఈ చికిత్సతో మూడు వారాలు బ్రేకులు దివ్యంగా ఉన్నాయి. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద అయితే 11.6 కిలోమీటర్ల పొడవునా కిక్కురుమనలేదు. బ్రేకు తొక్కితే కదా!

చివరికి ఒక ఆదివారం ఉదయం సెల్లార్‌లో బండి తీస్తుండగా అర్జీ మా అపార్ట్‌మెంటు సంఘం చెవిన పడింది. నిపుణుల కమిటీ అక్కడికక్కడే ఏర్పడింది. "బండి కొన్నప్పుడు నిమ్మకాయలు తొక్కించారా అండీ?" అని ప్రెసిడెంటు గారు ఆరా తీశారు. నాలుగు చక్రాల కిందా తొక్కించాను. రసం డిస్కు దాకా వెళ్లిందో లేదో మాత్రం హామీ ఇవ్వలేను. రెండో అంతస్తులోని రిటైర్డ్ ఇంజనీరు గారు "రాత్రి వాన పడింది, అది తుప్పు" అని తేల్చారు. కమిటీలో కొంతైనా నిజం పలికింది ఆయనే. తడికి డిస్కు మీద పలచటి తుప్పు పడుతుంది, పొద్దున్నే నాలుగైదు సార్లు బ్రేకు వేస్తే రాలిపోతుంది, చప్పుడూ పోతుంది. నాది సాయంత్రానికీ పోలేదు. "రెండు చుక్కలు కొబ్బరి నూనె వేయండి అంకుల్" అన్నాడు మూడో అంతస్తు కుర్రాడు. తలుపు బందుకు చేసే ఈ వైద్యం బ్రేకుకు చేస్తే చప్పుడు తప్పకుండా ఆగుతుంది. ఆగనిది బండి. ఫిర్యాదుదారు నోట్లో నూనె పోసే ఈ విధానం మన కార్యాలయాల నుంచి సెల్లార్‌కు దిగిందో, సెల్లార్ నుంచి అక్కడికి ఎక్కిందో పరిశోధకులు తేల్చాలి.

నేను అర్జీ చదవడానికే నిశ్చయించుకున్నాను. కీచుమనడం గరగరగా మారితే ఇక ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్నట్టే, అప్పుడు చదవడానికి అర్జీ మిగలదు. చదును నేల చూసి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రానికి ఇటుక అడ్డం పెట్టి, చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేశాను. జాకీతో ఎత్తి స్టాండు మీద నిలిపాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద చేయి పెట్టేంత విశ్వాసం నాకు ఏ వ్యవస్థ మీదా లేదు.

చక్రం ఊడదీస్తే కుంభకోణం బయటపడింది. చక్రం సందుల్లోంచి అందరికీ కనిపించే బయటి ప్యాడ్ సగం కూడా అరగలేదు. తనిఖీకి వచ్చినవారికి చూపించడానికే ఉన్నట్టు నిగనిగలాడుతోంది. ఎవరికీ కనిపించని లోపలి ప్యాడ్ మాత్రం రేకు దాకా అరిగిపోయింది. కారణం కాలిపర్, అంటే రెండు ప్యాడ్లనూ డిస్కుకు అదిమే పట్టకారు లాంటి భాగం, జారవలసిన పిన్ను. దాని రబ్బరు తొడుగు చిరిగి, వాన నీరూ దుమ్మూ దూరి, లోపలి గ్రీజు అడుగంటిన చింతపండు పులుసులా నల్లగా గట్టిపడింది. పిన్ను బిగుసుకుంటే కాలిపర్ కదలదు. కాలిపర్ కదలకపోతే పని మొత్తం లోపలివాడి నెత్తిన పడుతుంది, బయటివాడు హాజరు వేయించుకుంటాడు.

రాణీగంజ్‌లో ప్యాడ్లు కొన్నాను. "ఒక్క చక్రానికి ఇవ్వం సార్, రెండు వైపులా మార్చాల్సిందే" అన్నాడు దుకాణదారు. అది వ్యాపారమే అయినా న్యాయం కూడా. ఒక వైపు కొత్తవి, ఒక వైపు పాతవి ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగవచ్చు. కాలిపర్‌ను బ్రేక్ ఆయిల్ గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టాను. దుమ్మును నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడిచాను, ఊపిరితిత్తులు నావే కనుక. పిన్ను శుభ్రం చేసి వేడికి తట్టుకునే సిలికాన్ గ్రీజు పూసి, కొత్త తొడుగు వేశాను. ప్యాడ్ వీపుకు దానికోసమే అమ్మే గ్రీజు పలచగా రాశాను, ముఖానికి మాత్రం ఏమీ అంటనివ్వలేదు. లోపలి ప్యాడ్‌ను నెట్టే పిస్టన్‌ను మెల్లగా వెనక్కి నొక్కుతూ బ్రేక్ ఆయిల్ డబ్బా పొంగకుండా కనిపెట్టుకున్నాను. రెండో చక్రం పని చాలా తొందరగా అయిపోయింది. అక్కడ కుంభకోణం లేదు.

బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. మొదటి తొక్కుకు అది నేలకు దిగిపోతుంది. ఈ సంగతి సెల్లార్ గోడను చూసి నేర్చుకోకూడదు. మర్నాడు వేకువన నెక్లెస్ రోడ్డు మీద కొంచెం వేగం అందుకోవడం, పూర్తిగా ఆగకుండా తగ్గించడం, ఇలా పది సార్లు చేసి కొత్త ప్యాడ్లకు డిస్కుతో పరిచయం చేశాను. వాకింగ్‌కు వచ్చిన ఒక పెద్దాయన కారాపించి, "ఈ వయసులో నేర్చుకుంటున్నారా బాబూ, మంచిదే" అని దీవించారు.

ఇప్పుడు కారు నిశ్శబ్దంగా ఉంది. దీనివల్ల మా వాచ్‌మన్ ఇబ్బంది పడుతున్నాడు. ఇన్నాళ్లూ మలుపులో కీచుమనగానే నేనని గుర్తుపట్టి గేటు తీసేవాడట. ఇప్పుడు గేటు ముందు నిలబడి హారన్ కొట్టవలసి వస్తోంది. ఆ చప్పుడు మీద నిన్ననే సంఘానికి అర్జీ అందింది.