సవరణ: బ్యూజింగెన్ స్విస్ ఊరు కాదు

స్విట్జర్లాండ్ మధ్యలో చిక్కుకున్న జర్మన్ ఊరు బ్యూజింగెన్ గురించి పోయిన వారం రాసినప్పుడు రెండు తప్పులు దొర్లాయి. "1967 నుంచి ఊరు స్విట్జర్లాండ్ చేతిలోకి వెళ్లింది, అక్కడ యూరో చెల్లదు" అన్నాను. రెండూ తప్పే.

1967లో అమల్లోకి వచ్చిన ఒప్పందం ఊరిని స్విస్ కస్టమ్స్ పరిధిలోకి మాత్రమే తెచ్చింది. భూమి జర్మనీదే. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం, కాన్‌స్టాంజ్ జిల్లా. ఆదాయపు పన్ను కూడా జర్మనీకే కడతారు, ఆ విషయంలో ఊరివాళ్ల గొణుగుడు పాతదే. చట్టప్రకారం కరెన్సీ యూరోనే. చుట్టూ స్విట్జర్లాండే కాబట్టి చేతులు మారేది మాత్రం ఎక్కువగా ఫ్రాంక్.

నేను తికమక పడ్డది బహుశా పోస్టల్ కోడ్‌ల దగ్గర. ఈ ఊరికి రెండున్నాయి: జర్మన్ కోడ్ 78266, స్విస్ కోడ్ 8238. కవరు మీద ఏది రాసినా ఉత్తరం చేరుతుంది. ఫోన్‌కీ అంతే, రెండు దేశాల కోడ్‌లూ పనిచేస్తాయి. బండి నంబరు ప్లేటుకు మాత్రం ఊరికంటూ సొంత అక్షరాలున్నాయి. వెయ్యిన్నర మంది ఉండే ఊరికి ఇంత హంగామా!

ఇంకో మాట. "స్విట్జర్లాండ్‌లో కలవాలని వాళ్లెప్పుడూ అడగలేదు" అని కూడా రాశాను. అడిగారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జరిగిన ఓటింగ్‌లో 96 శాతం మంది కలుద్దామన్నారు. బదులుగా ఇవ్వడానికి స్విట్జర్లాండ్ దగ్గర జర్మనీకి నచ్చే భూమి లేకపోవడంతో బేరం కుదరలేదు. పాత పోస్టులో ఆ వాక్యాలు మార్చేశాను.