హీట్ ఎక్స్‌చేంజర్ మారిస్తే 50 హార్స్ పవర్ పెరగదు: హెల్‌క్యాట్ వాయిస్ మెసేజ్‌కి నా జవాబు

డాలస్ చుట్టుపక్కల మన తెలుగు కుర్రాళ్లలో డాడ్జ్ ఛాలెంజర్ హెల్‌క్యాట్ కారు కొన్నవాళ్లు నాకు తెలిసే కొంతమంది ఉన్నారు, ఎక్కువమంది సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నవాళ్లే. ఎండలు మొదలవగానే వీళ్లందరి ఫోన్లలో ఒకే వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. క్లుప్తంగా అందులో ఉన్నది ఇది: "కంపెనీ ఇచ్చిన కూలింగ్ చెత్త. ముందు పెద్ద హీట్ ఎక్స్‌చేంజర్ పెట్టించండి, ట్యూనింగ్ లేకుండానే 50 హార్స్ పవర్ పెరుగుతుంది, ఇంజన్ వేడెక్కడం కూడా ఆగిపోతుంది. పంపు మాత్రం పెద్దది పెట్టొద్దు, నీళ్లు వేగంగా పోతే చల్లారే టైం దొరకదు. కూలెంట్ తీసేసి ఉత్త నీళ్లు పోయండి. ఇంటి దగ్గర రెండు గంటల పని. వారంటీకి ఏమీ కాదు, చట్టం మన వైపే ఉంది."

ఇందులో అక్కడక్కడా నిజం ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు. కానీ మొత్తం నమ్మి చేస్తే డబ్బులతో ఆగదు, ఇంజన్ కూడా పోవచ్చు. నా తమ్ముడి వయసు వాళ్లు కష్టపడి దాచుకున్న డబ్బుతో కొన్న బండ్లు ఇవి, చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు ఆ బండిలో వేడి ఎక్కడ పుడుతుందో చూద్దాం, అది తెలియకుండా మిగతాది అర్థం కాదు. 2015లో వచ్చిన హెల్‌క్యాట్‌ది 6.2 లీటర్ల వీ8, 707 హార్స్ పవర్, మీద దాదాపు 2.4 లీటర్ల స్క్రూ రకం సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే యంత్రం), బూస్ట్, అంటే అలా నొక్కిన గాలి ఒత్తిడి, 11.6 పీఎస్ఐ. గాలిని అంతగా నొక్కితే అది వేడెక్కి తీరుతుంది. బయట 38 డిగ్రీలు ఉన్న రోజు గట్టిగా తొక్కితే సూపర్‌చార్జర్ నుంచి వచ్చే గాలి ఉజ్జాయింపుగా 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఆ గాలిని చల్లార్చడానికి సూపర్‌చార్జర్ కేసింగ్‌లోనే రెండు చార్జ్ కూలర్లు ఉంటాయి. వాటిలో తిరిగే కూలెంట్ గాలిలోని వేడిని తీసుకుని, కరెంటు పంపు తోస్తే బండి ముందుభాగంలో ఉన్న చిన్న రేడియేటర్‌లోకి వెళ్లి, అక్కడ ఆ వేడిని బయటి గాలికి వదిలేస్తుంది. ఆ చిన్న రేడియేటర్‌నే అందరూ హీట్ ఎక్స్‌చేంజర్ అంటున్నారు. ఇంజన్ బ్లాకును చల్లార్చే సర్క్యూట్ వేరు, ఇది వేరు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే ఆ మెసేజ్‌లో సగం అబద్ధాలు ఎవరూ చెప్పకుండానే తేలిపోతాయి.

"కంపెనీ కూలింగ్ చెత్త" అన్న మాట దగ్గర మొదలుపెడదాం. ఆ సర్క్యూట్‌లో పంపు నిమిషానికి 45 లీటర్ల దాకా తోయగలదని, ఇంజన్‌లోకి వెళ్లే గాలిని 60 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంచేలా చేశామని డాడ్జ్ బండి విడుదలప్పుడే చెప్పింది. 38 డిగ్రీల ఎండలో ట్రాక్ మీద 20 నిమిషాలు ఆపకుండా నడిపి చూశామనీ చెప్పింది. బండి కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండి, రోడ్డు మీదే తిరుగుతుంటే ఆ కూలింగ్ సరిపోతుంది. సరిపోనిది ఎప్పుడంటే, సూపర్‌చార్జర్‌ను తిప్పే బెల్టు చక్రం (పుల్లీ) చిన్నది వేసి సూపర్‌చార్జర్ వేగం, బూస్ట్ పెంచినప్పుడు. లేదా డ్రాగ్ స్ట్రిప్‌లో (తిన్నగా కొద్ది దూరం వేగంగా పోయే పందేల ట్రాక్‌లో) రన్ తర్వాత రన్ కొడుతూ మధ్యలో లైన్‌లో నిలబడినప్పుడు. అప్పుడు అప్‌గ్రేడ్ అవసరమే, దాన్ని నేను కాదనడం లేదు. బూస్ట్ పెంచనివాడికి, ట్రాక్ ముఖం చూడనివాడికి "చెత్త" అని చెప్పి డబ్బు ఖర్చుపెట్టించడాన్నే కాదంటున్నాను.

ఇక 50 హార్స్ పవర్. దీన్ని లెక్క వేసే చూద్దాం. కొత్త ఎక్స్‌చేంజర్ వల్ల లోపలికి వెళ్లే గాలి 60 డిగ్రీల నుంచి 45కు దిగిందనుకోండి. గాలి సాంద్రత పెరిగేది 5 శాతం లోపే. 707లో 5 శాతం అంటే కాగితం మీద కూడా 36 దాటదు, అదీ పాత ఎక్స్‌చేంజర్ అప్పటికే చేతులెత్తేసిన పరిస్థితిలో. పొద్దున్నే చల్లటి బండితో మొదటిసారి గట్టిగా తొక్కినప్పుడు పాతదానికీ కొత్తదానికీ తేడా దాదాపు కనిపించదు. అసలు జరిగేది ఏమిటంటే, లోపలికి వెళ్లే గాలి మరీ వేడెక్కితే నాకింగ్ (పెట్రోలు వేళకు ముందే పేలడం) రాకుండా ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, దాంతో పవర్ పడిపోతుంది. కూలింగ్ బాగుంటే ఆ పడిపోవడం ఆగుతుంది, నాలుగో రన్ కూడా మొదటి రన్‌లాగే వస్తుంది. అది చాలా విలువైన విషయం, నేనూ దానికోసమే ఖర్చు పెడతాను. కానీ పోయేది పోకుండా ఆగడం వేరు, కొత్తగా పెరగడం వేరు. డైనో (పవర్ కొలిచే యంత్రం) షీటు చూపించి అమ్మేవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: ముందు కొలిచినప్పుడు, తర్వాత కొలిచినప్పుడు లోపలి గాలి టెంపరేచర్ ఎంత? వేడెక్కిన బండిని ఒకసారి, రాత్రంతా చల్లారిన బండిని ఒకసారి కొలిస్తే, ఏ పార్టూ మార్చకుండానే తేడా వస్తుంది.

"నీళ్లు వేగంగా పోతే చల్లారే టైం ఉండదు" అన్నదే వీటన్నిటిలోకీ మొండి అపోహ. మెకానిక్కులు కూడా చెప్తారు, మా నాన్న తరం వాళ్లు కూడా చెప్తారు. వేగం రెట్టింపైతే ఒక్కో చుట్టులో నీళ్లు రేడియేటర్‌లో ఉండే టైం సగమవుతుంది, నిజమే. కానీ అదే నిమిషంలో రెండింతల సార్లు వచ్చి పోతాయి కదా! మొత్తం మీద నీళ్లు రేడియేటర్‌లో గడిపే టైం ఏమీ తగ్గలేదు. పైగా వేగం పెరిగితే గొట్టాల లోపల సుడులు పెరిగి లోహానికీ నీళ్లకీ మధ్య వేడి మార్పిడి ఇంకా బాగా జరుగుతుంది. అంకెల్లో కావాలా? ఫుల్ థ్రాటిల్‌లో ఈ బండి చార్జ్ కూలర్లు లాగాల్సిన వేడి ఉజ్జాయింపుగా 35 కిలోవాట్లు. నిమిషానికి 45 లీటర్లు తిరుగుతుంటే, ఆ వేడికి కూలెంట్ ఒక చుట్టులో 13 డిగ్రీల దాకా పెరుగుతుంది. పంపు నీరసించి అందులో సగమే తోస్తే పెరుగుదల 26 డిగ్రీలు. అంటే చార్జ్ కూలర్ చివరి భాగంలో గాలిని చల్లార్చాల్సిన నీళ్లే కాగిపోయి ఉంటాయి. ఏది మేలో మీరే చూడండి.

మరి ఈ అపోహ ఎక్కణ్నుంచి వచ్చింది? పాత బండ్లలో థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు) పీకేస్తే కొన్ని ఇంజన్లు నిజంగానే ఇంకా వేడెక్కేవి. అందులో వేగం తప్పు లేదు. థర్మోస్టాట్‌తో పాటు బైపాస్ దారి మూసుకోవాల్సిన డిజైన్లలో, అది లేకపోతే కొంత నీరు రేడియేటర్ వైపే వెళ్లకుండా ఇంజన్‌లోనే తిరిగేది. పైగా బ్లాకులో ఒత్తిడి తగ్గి అక్కడక్కడా ఆవిరి బుడగలు కట్టేవి. అయితే పంపు విషయంలో ఒక హద్దు ఉంది, అదీ చెప్పాలి. గొట్టాల నిరోధం వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది కాబట్టి, రెండింతల పంపు పెట్టినంత మాత్రాన నీళ్లు రెండింతలు తిరగవు. పెద్ద పంపు ఎక్కువ కరెంటు లాగుతుంది, దాన్ని పాత పంపు వైరుకే ముడేయకుండా వేరే ఫ్యూజు, రిలే పెట్టించుకోండి.

ఎక్స్‌చేంజర్ సైజు గురించి ఇంత మాట్లాడేవాళ్లు సర్క్యూట్‌లో మొత్తం ఎన్ని లీటర్లు ఉందో అసలు ఎత్తరు. డ్రాగ్ రన్ అంటే పదకొండు, పన్నెండు సెకన్లు. ఆ కొద్దిసేపట్లో రేడియేటర్ వదిలే వేడి తక్కువే, నీళ్లు తమలో దాచుకునే వేడే ఎక్కువ. ఒక రన్‌లో పుట్టే వేడి సుమారు 400 కిలోజౌళ్లు అనుకుంటే, 5 లీటర్ల నీళ్లు దానికి 20 డిగ్రీలు పెరుగుతాయి, 15 లీటర్లైతే 7 డిగ్రీలు కూడా పెరగవు. అందుకే డ్రాగ్ ఆడేవాళ్లు డిక్కీలో ట్యాంకు పెట్టి ఐసు వేస్తారు. ఒక్క కిలో ఐసు కరగడానికే 334 కిలోజౌళ్లు పడుతుంది. 2018లో ఇంకా పవర్ ఎక్కువున్న డీమన్ మోడల్ తెచ్చినప్పుడు డాడ్జ్ కూడా పెద్ద రేడియేటర్ ఒక్కదాన్నే నమ్ముకోలేదు, కేబిన్ ఏసీ రిఫ్రిజెరెంట్‌ను మళ్లించి ఈ కూలెంట్‌ను చల్లార్చే చిల్లర్ పెట్టింది, ఇంజన్ ఆపాక కూడా పంపు, ఫ్యాను కాసేపు తిరిగే ఏర్పాటు చేసింది. అలాగని వారానికి ఒకసారి హైవే ఎక్కే బండికి ఐసు ట్యాంకు ఎందుకు? పది నిమిషాల్లో కరిగిపోయి, ఆ తర్వాత మోయాల్సిన బరువుగా మిగులుతుంది.

"ఇంజన్ వేడెక్కడం కూడా ఆగుతుంది" అంటే, పైన చెప్పినట్టు ఆ సర్క్యూట్ వేరు కాబట్టి ఆగదు, ఒక్కోసారి ఎక్కువవుతుంది కూడా. మందమైన ఎక్స్‌చేంజర్ తెచ్చి ఏసీ కండెన్సర్‌కీ, పెద్ద రేడియేటర్‌కీ ముందు బిగిస్తే, కిటికీకి అడ్డంగా తడి పరుపు ఆరేసినట్టే, వెనక్కి వెళ్లే గాలి తగ్గుతుంది, వెళ్లే ఆ కాస్త కూడా ముందే వేడెక్కి వెళ్తుంది. జులైలో ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు ఏసీ చల్లదనం తగ్గిందని ఫిర్యాదు చేసేవాళ్లలో చాలామంది ఈ బాపతే. ఇంజన్ కూలెంట్ ముల్లు పైకి పోతుంటే చూడాల్సింది థర్మోస్టాట్, ఫ్యాన్లు, కూలెంట్ లెవెల్, రేడియేటర్ ఫిన్నుల్లో ఇరుక్కున్న చెత్త.

ఉత్త నీళ్ల మాట చదివినప్పుడు మాత్రం నాకు నిజంగా భయమేసింది. ఉత్త నీళ్లు, సగం నీళ్లు కలిపిన కూలెంట్ కంటే, ఎక్కువ వేడి మోస్తాయి, అది నిజం, ఒక కిలో ఒక డిగ్రీ పెరగడానికి నీళ్లకు 4.18 కిలోజౌళ్లు, ఆ కూలెంట్‌కు 3.5 దాకా. ట్రాక్ కోసం వేసవిలో డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పు పట్టకుండా చేసే మందు కలిపి వాడేవాళ్లు ఉన్నారు, వాళ్లు చలి రాకముందే మార్చేస్తారు. కుళాయి నీళ్లు పోస్తే అల్యూమినియం లోపల తుప్పు, గార. ఇక చలి సంగతి. 2021 ఫిబ్రవరి 16న డాలస్ ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్టులో మైనస్ 19 డిగ్రీలు నమోదైంది, ఆ వారం ఇళ్లలో పైపులు పగిలి మనవాళ్లు పడ్డ బాధ చాలామందికి గుర్తుండే ఉంటుంది. అలాంటి రాత్రి బండిలో ఉత్త నీళ్లు ఉంటే చార్జ్ కూలర్ పగులుతుంది. అది ఉన్నది సూపర్‌చార్జర్ లోపల. అక్కడ కారిన నీళ్లు నేరుగా సిలిండర్లలోకి దిగుతాయి, పొద్దున్నే స్టార్ట్ చేస్తే పిస్టన్ నీళ్లను నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కొన్ని డిగ్రీల లాభం కోసం ఇంత రిస్కా? మాన్యువల్‌లో రాసిన ఓఏటీ రకం కూలెంటే పోయండి, పాత హెచ్‌ఓఏటీ అనే వేరే రకంతో కలపొద్దు.

రెండు గంటల పని అన్నారు. ముందు బంపర్ ఊడదీయడం, సెన్సర్ల, లైట్ల కనెక్టర్లు విడదీయడం, ప్లాస్టిక్ క్లిప్పులు విరగకుండా తీయడం, వీటికే మొదటిసారి చేసేవాళ్లకు పూట గడిచిపోతుంది. కొత్త ఎక్స్‌చేంజర్‌ను బిగించే ముందు నీళ్లతో కడగండి, వెల్డింగ్ చేసినప్పటి లోహపు రజను లోపల ఉండిపోతుంది, అది పంపులోకి పోతే పంపు పని అయిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం గాలి తీయడం. కూలెంట్ ట్యాంకు నిండా పోసి మూత పెట్టేస్తే చార్జ్ కూలర్లలో గాలి ఇరుక్కుపోతుంది, కొత్త పార్టు పాతదానికంటే అధ్వానంగా పనిచేస్తుంది. లోపలి గాలిని లాగేసి కూలెంట్ నింపే వ్యాక్యూమ్ ఫిల్లర్ దొరుకుతుంది, కొనండి లేదా అద్దెకు తెచ్చుకోండి. దాన్ని ట్యాంకు మూతి మీద బిగించి కంప్రెసర్ గాలి వదిలితే రబ్బరు గొట్టాలు కళ్ల ముందే అణిగి చదునవుతాయి. వాల్వు మూసి కాసేపు ముల్లు చూడండి. కదలకుండా నిలబడితే లీకు లేదు, మెల్లగా వెనక్కి జారితే ఏదో క్లాంపు వదులుగా ఉంది. నిలబడ్డాక రెండో గొట్టం కూలెంట్ బకెట్‌లో పెట్టి వాల్వు తెరిస్తే కూలెంట్ అదే లోపలికి పరుగెత్తి, అణిగిన గొట్టాలు మళ్లీ ఉబ్బుతాయి. ఆ తర్వాత స్కాన్ టూల్‌తో పంపు తిప్పి ట్యాంకులో బుడగలు ఆగేదాకా చూడండి. గరగరమని శబ్దం వస్తున్నంతసేపూ లోపల గాలి ఉన్నట్టే.

వారంటీ సంగతి ఒక్క మాటలో. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ప్రకారం, బయటి పార్టు వేశారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ కొట్టేయడానికి వీల్లేదు. కానీ మీరు వేసిన పార్టు వల్లో, బిగించిన తీరు వల్లో పాడైందని తేలితే ఆ రిపేరు మీ నెత్తినే. పాత పార్టులు, బిల్లులు, ఫోటోలు పారేయకండి.

ఇవన్నీ కొనే ముందు బండి కంప్యూటర్‌లోని రీడింగులు చూపించే ఒక ఓబీడీ రీడర్‌తో చార్జ్ కూలర్ తర్వాతి గాలి టెంపరేచర్ లాగ్ చేయండి, వీలైతే కూలెంట్ టెంపరేచర్ కూడా. బయట ఎండ ఒకేలా ఉన్న రోజుల్లో, ఒకే గేర్‌లో, ట్రాఫిక్ లేని సురక్షితమైన చోట లేదా ట్రాక్ మీద. కూలెంట్ చల్లగానే ఉండి గాలి మాత్రం వేడిగా ఉంటే పంపు నీరసించిందో, గాలి బుడగ ఉందో చూడండి, ఎక్స్‌చేంజర్ కొనకండి. మొదటి రన్ బాగుండి మూడోది పడిపోతుంటే ట్యాంకు, ఐసు గురించి ఆలోచించండి. కూలెంటే కాగిపోయి, హైవే మీద మామూలుగా వెళ్తున్నా దిగి రాకపోతే, అప్పుడు ఆ పెద్ద హీట్ ఎక్స్‌చేంజర్ నిజంగా మీకోసమే, వెనక ఏసీ కండెన్సర్‌కి గాలి వదిలే మందం చూసుకుని తెచ్చుకోండి.