గిన్నెలు తోమాక సింకు ఎవరు కడుగుతారు?

ఇల్లాలి చాకిరీకి కృతజ్ఞత నోరు తెరిచి చెప్పడం చాలామంది నాన్నలకు చేతకాదు. అందుకే ఇంట్లో ఏదో ఒక పని అందుకుంటారు. మంచిదే. నా పేచీ ఒక్కటే: సగంలో వదిలేసిన పని ఆవిడ నెత్తిన ఇంకో పని. "ఏమైనా సాయం చేయనా?" అని అడగడమూ అంతే. ఏం చేయాలో ఆలోచించి, చెప్పి, అయ్యిందో లేదో చూసుకునే బరువు ఎప్పటిలా ఆవిడదేగా!

గిన్నెలే తీసుకోండి. ముందు గాజు గ్లాసులు, తర్వాత కంచాలు, జిడ్డు మూకుళ్లు చివర్న. వరస తిరగేస్తే స్క్రబ్బరుకు పట్టిన జిడ్డంతా గ్లాసులకు పూసుకుంటుంది, పొద్దున్నే ఆవిడ మళ్లీ కడుక్కోవాలి. మాడిన స్టీలు గిన్నెతో కుస్తీ అక్కర్లేదు. మాడు మునిగేలా నీళ్లు పోసి, రెండు చెంచాల వంటసోడా వేసి, పది నిమిషాలు మరిగించి చల్లారనివ్వండి. చెక్క గరిటెతో చాలావరకు లేచి వచ్చేస్తుంది. అల్యూమినియానికి మాత్రం సోడా వద్దు, నల్లబడుతుంది. నాన్‌స్టిక్‌కి స్టీలు పీచు తగలనివ్వకండి. ఇంతా చేసి జాలీలో తుక్కు అలాగే వదిలేస్తారు చూడండి, పుణ్యమంతా అక్కడే పోతుంది! జాలీ దులిపి, సింకు కడిగి, గట్టు తుడిచి, స్క్రబ్బరు పిండి నిలబెట్టాలి. తడిగా పడేస్తే తెల్లారేసరికి కంపు.

ఇక "రేపు చూస్తా" అంటూ నెలలు గడిపేసే కారే కుళాయి. సెకనుకో చుక్క అంటే రోజుకు 86,400 చుక్కలు. పాత రకం తిప్పుడు కుళాయైతే చాలాసార్లు లోపలి రబ్బరు వాషరే అరిగి ఉంటుంది. కుళాయికి నీళ్లొచ్చే వాల్వు కట్టేసి, కుళాయి తిప్పి మిగిలిన నీళ్లు వదిలేయండి. సింకు కన్నానికి గుడ్డ కుక్కండి, లేదంటే స్క్రూ జారి పైపులోకి పోతుంది. పిడి ఊడదీసి, స్పానరుతో స్పిండిల్ (పిడితో పాటు తిరిగే లోపలి కడ్డీ) విప్పి, పాత వాషరు జేబులో వేసుకుని షాపుకెళ్లండి. "అరంగుళందేగా" అని అంచనాకు తెస్తే మందం తేడా వచ్చి మళ్లీ కారుతుంది. పావు తిప్పుకే ఆగిపోయే సిరామిక్ కుళాయిలకు ఈ వాషరు కథ వర్తించదు, లోపల నీళ్లు ఆపే భాగం, కార్ట్రిడ్జ్, మార్చాల్సిందే. బాగయ్యాక బలమంతా పెట్టి బిగించి కట్టొద్దు, కొత్త రబ్బరు కూడా కోసుకుపోతుంది.

చెత్తడబ్బా ఖాళీ చేసి కొత్త కవరు వేయనివాళ్లు, ఆరిన బట్టలు తెచ్చి మంచం మీద గుట్టపోసి వెళ్లేవాళ్లు కూడా ఈ బాపతే. వీళ్లను మించినవాళ్లు పని చేశాక "చూశావా, బాగుచేశా" అని మూడుసార్లు వినిపించేవాళ్లు. బాబూ, తీర్చుకోవడానికి వెళ్లింది మీ బాకీ, వసూలు చేయడానికి కాదు!

ఇంతకీ ఆ స్పానరు గట్టు మీదే వదిలేశారా?