వద్దు అన్న మాటకు బటన్ లేదు

అడగనిదే అమ్మైనా పెట్టదని సామెత. ఆ సామెత పుట్టిన కాలానికి వర్డ్ ప్రాసెసర్లు లేవు కాబట్టి పెద్దవాళ్ల తప్పేమీ లేదు. రాతకోతల కోసం నా కంప్యూటర్లో పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ విషయంలో అమ్మను ఎప్పుడో దాటేసింది. అడగకుండానే పెడుతుంది. వద్దన్నా పెడుతుంది. చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి వడ్డిస్తుంది.

ఇది ఫిర్యాదు కాదని ముందే మనవి చేసుకుంటున్నాను. పుట్టి బుద్ధెరిగాక నా రాత మీద ఇంత శ్రద్ధ చూపినవాళ్లు లేరు. సంపాదకులు చూపలేదు, ఇంట్లోవాళ్లు అసలే చూపలేదు. ఇదొక్కటే, కొత్త ఫైలు తెరిచి వేలు ఇంకా మీట మీద పడకముందే, కర్సర్ పక్కన బూడిదరంగు అక్షరాల్లో ‘దేని గురించి రాయమంటారు?’ అని చేతులు కట్టుకుని నిలబడుతుంది. పక్కనే మిలమిలలాడే నక్షత్రాల గుర్తు, అంటే కృత్రిమ మేధ వేంచేసిందని. ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ తెరిచినా ఇప్పుడు ఈ నక్షత్రాలే, మంత్రదండం ఊపితే రాలే నలుసుల్లా. అదంతా ఇంద్రజాలమని వాళ్ల ఉద్దేశం. నాకు మాత్రం కంట్లో నలుసు.

పోయిన నెలలో ఒక పరామర్శ ఉత్తరం రాయాల్సొచ్చింది. పాతికేళ్లు పక్క బల్ల దగ్గర పనిచేసిన స్నేహితుడు పోయాడు. వాడికి ఒకటే దురలవాటు. నేనేం రాసినా ఎర్ర పెన్ను తీసి విశేషణాలన్నీ కొట్టేసేవాడు. ‘అత్యంత’ అన్న మాట కనపడితే పాము కనపడ్డట్టే. వాళ్లావిడకు రాద్దామని కూర్చుని గంటసేపు తెల్లటి తెర చూస్తూ ఉండిపోయాను. ఆ గంటలో సాఫ్ట్‌వేర్ నన్ను నాలుగుసార్లు పలకరించింది. చివరికి మూడు వాక్యాలు పడ్డాయి.

“వదినా, వాడు లేడన్న సంగతి నమ్మటానికి నాకు రెండు రోజులు పట్టింది. నేనేం రాసినా మొదట వాడే చదివి సగం కొట్టేసేవాడు. ఇప్పుడు ఈ ఉత్తరాన్ని ఎవరు కొట్టేస్తారు?”

మూడో వాక్యం దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. మళ్లీ పెట్టుకునేసరికి పేరా పక్కన ఒక చిన్న పెట్టె వెలిసింది. దాన్ని తోలేద్దామని మూలనున్న ఆవగింజంత ఇంటూ గుర్తు నొక్కబోతే గురి తప్పి ‘తిరగరాయి’ మీద పడింది. మూడు సెకన్లు నక్షత్రాలు తిరిగాయి. తర్వాత ఇది వచ్చింది.

“ఈ కష్టకాలంలో మీకు, మీ కుటుంబ సభ్యులకు మా ప్రగాఢ సానుభూతిని తెలియజేస్తున్నాము. నాణ్యత పట్ల ఆయనకున్న అత్యంత నిబద్ధత మా అందరికీ స్ఫూర్తిదాయకం. ఇకపై ఈ పత్రాన్ని సమీక్షించేవారి వివరాలు దయచేసి తెలియజేయగలరు.”

అత్యంత! వాడు పోయి పట్టుమని పది రోజులు కాలేదు, అప్పుడే అది తిరిగొచ్చేసింది.

నచ్చకపోతే స్వరం మార్చుకోవచ్చట. వృత్తిపరంగా, మామూలుగా, ఊహాత్మకంగా, క్లుప్తంగా. పరామర్శను ఊహాత్మకంగా రాస్తే ఎలా ఉంటుందో చూద్దామని పాపిష్టి కుతూహలం కలిగింది గానీ బలవంతాన ఆపుకున్నాను. దాని కింద ‘పట్టికగా మార్చు’ అని ఇంకోటి ఉంది. అక్కడ మాత్రం ఆపుకోలేకపోయాను. రెండు నిలువు వరసల్లో, నీలిరంగు శీర్షికలతో వచ్చింది. ఎడమవైపు ‘అంశం’, కుడివైపు ‘ప్రస్తుత స్థితి’. వ్యక్తి: లేరు. నమ్మకం: రెండు రోజులు. కొట్టివేత: బాధ్యులు ఖరారు కావలసి ఉంది.

వాడుంటే ఆ పట్టిక చూసి బల్ల చరిచి నవ్వేవాడు. ఎవరికి చూపించాలో తెలియక కాసేపు అలాగే కూర్చున్నాను.

యంత్రాన్ని తప్పుపట్టటం ధర్మం కాదు. ఇదివరకు మనుషులు రాసి పడేసిన కొండలకొద్దీ రాతల్ని చదివి, ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టటం దాని విద్య. పరామర్శ ఉత్తరాల్లో ఎక్కువమంది ఏం రాస్తారు? ఏమీ తోచనప్పుడు రాసేదే రాస్తారు. అదే తెచ్చి నా ముందు పెట్టింది. నాకు ఏమీ తోచలేదని అది అనుకుంది. తోచటానికి గంట పట్టిందని దానికెలా తెలుస్తుంది? దాని దృష్టిలో ఆ గంట మరమ్మతు చేయాల్సిన లోపం.

పాతకాపులకు క్లిప్పీ గుర్తుండే ఉంటుంది. ఆఫీస్ 97తో మైక్రోసాఫ్ట్ పంపిన పేపర్‌క్లిప్ బొమ్మ. గుడ్లప్పగించిన కళ్లు, ఎగరేసే కనుబొమలు. ఉత్తరానికి సంబోధన టైపు చేస్తే చాలు, తెర మూలనుంచి తొంగిచూసి “మీరు ఉత్తరం రాస్తున్నట్టున్నారు, సాయం కావాలా?” అనేది. జనం దాన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. 2001లో ఆఫీస్ ఎక్స్‌పీ వచ్చేనాటికి కంపెనీయే దాన్ని తనంతట తాను తెరమీదికి రాకుండా కట్టేసి, పాపం దానికి ఉద్యోగం ఊడిందంటూ వెక్కిరించే ప్రకటనలతో కొత్త సరుకు అమ్ముకుంది. ఆఫీస్ 2007కి ఆనవాలు కూడా లేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ బొమ్మకు క్షమాపణ చెప్పుకోవాలనిపిస్తుంది. అది అడిగేది, అంతే. మన వాక్యం మీద చెయ్యి వేసేది కాదు. మనం రాసిన ముక్క పట్టుకుని ఎక్కడో ఉన్న సర్వర్ దగ్గరికి పరిగెత్తేది కాదు. పైగా కళ్లుండేవి కాబట్టి మనకు కోపమొస్తే ఎటు చూడాలో తెలిసేది.

అసలు చిక్కు భాషదేనని నా పరిశోధనలో తేలింది. తెలుగులో ‘చూద్దాంలెండి’ అంటే వద్దని. ‘తీరిగ్గా మాట్లాడుకుందాం’ అంటే మళ్లీ రావద్దని. అన్నవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు. సాఫ్ట్‌వేర్ ఈ మర్యాదలో సగమే నేర్చుకుంది. కొత్త సదుపాయం ఊడిపడ్డప్పుడల్లా నాకు ఇచ్చేది రెండు బటన్లు. ‘వాడి చూడండి’ ఒకటి, ‘ఇప్పుడు కాదు’ ఇంకోటి. ‘వద్దు’ లేదు. నేను ‘ఇప్పుడు కాదు’ను తెలుగులో నొక్కుతాను, అది అక్షరాలా తీసుకుంటుంది. మూడ్రోజులాగి, ఆ ఇప్పుడు అయిపోయింది కదా అన్నట్టు, నవ్వుమొహంతో మళ్లీ దిగబడుతుంది. 2024లో కొత్త విండోస్ కంప్యూటర్ల కీబోర్డు మీద ఏకంగా కోపైలట్ మీట చేరింది. కోపైలట్ అంటే మైక్రోసాఫ్ట్ వారి కృత్రిమ మేధ సహాయకుడు. దాదాపు 30 ఏళ్ల తర్వాత ఆ కీబోర్డులో జరిగిన పెద్ద మార్పు ఇదేనని కంపెనీయే చెప్పుకుంది. అంత చోటు దొరికినప్పుడు ‘వద్దు’కు కూడా ఒక మీట పెట్టొచ్చు కదా అని అడిగేవాడు లేకపోయాడు. ఎస్కేప్ అనే మీట ఇంకా ఉంది గానీ దానికి పూర్వపు పరపతి లేదు.

ఆపే మార్గమే లేదంటే మాత్రం అబద్ధమవుతుంది. ఉంది. వర్డ్‌లో ఫైల్ తెరవాలి, ఆప్షన్స్‌లోకి వెళ్లాలి, ఎడమవైపు వరసలో కోపైలట్ అన్నది పట్టుకోవాలి, ‘ఎనేబుల్ కోపైలట్’ పక్కనున్న టిక్కు తీసేయాలి, ప్రోగ్రాం మూసి మళ్లీ తెరవాలి. హమ్మయ్య అనుకుని ఎక్సెల్ తెరిస్తే అక్కడ కూర్చుని ఉంటుంది, ఎందుకంటే మీరు వద్దన్నది వర్డ్‌లో. ఎక్సెల్‌లో విడిగా వద్దనాలి. పవర్‌పాయింట్‌లో విడిగా. ఇంకో కంప్యూటర్ ఉంటే ఈ ప్రదక్షిణ మళ్లీ మొదటినుంచి. ఆ టిక్కే కనపడని వెర్షన్లలో ప్రైవసీ సెట్టింగుల్లోకి దిగి, మనం రాసింది విశ్లేషించే ‘కనెక్టెడ్ ఎక్స్‌పీరియన్సెస్’ మొత్తాన్నీ ఆపాలి. దాంతోపాటు ఇంతకాలం మీరు వాడుకుంటున్న మరికొన్ని సౌకర్యాలూ పోతాయి. గూగుల్ డాక్స్ వాడేవాళ్ల సాధన ఇంకా ఉన్నతమైనది. డాక్స్‌లో వచ్చే స్మార్ట్ సదుపాయాల్ని ఆపే చోటు జీమెయిల్ సెట్టింగుల్లో ఉంటుంది. ముందుగది దీపానికి పక్కింట్లో స్విచ్చి పెట్టినట్టు. దీన్ని కొందరు కుట్ర అంటారు, నేను యోగాభ్యాసం అంటాను. వద్దనటానికి అర్హత సంపాదించాలి మరి. కావాలనటానికి మాత్రం అర్హతలేవీ అక్కర్లేదు, గురి తప్పితే చాలు.

ఆ గురి తప్పిన నొక్కు కూడా వృథా పోయి ఉండదు. ఎక్కడో ఒక సమావేశంలో, వాడకం లెక్క చూపే ఒక పటం మీద పైకి ఎగబాకే గీతలో, నా వేలిది కూడా ఒక చుక్క అయి ఉంటుంది. పరామర్శ విభాగంలో అపూర్వ ఆదరణ.

ఇక డబ్బు సంగతి. మైక్రోసాఫ్ట్ 2025 జనవరిలో వ్యక్తిగత చందాల్లో కోపైలట్‌ను కలిపేసి ధర పెంచింది. అమెరికాలో నెలకు 3 డాలర్లు ఎక్కువైంది. కోపైలట్ లేకుండా పాత ధరకే ‘క్లాసిక్’ అనే చందా ఒకటి ఉంచింది, అప్పటికే చేరి ఉన్నవాళ్లు దాంట్లోకి మారొచ్చంది. అదెక్కడుండేదంటే, చందా రద్దు చేసుకుంటామని బయల్దేరి సగం దూరం వెళ్లాక కనిపించేది. పుట్టింటికి పోతానని పెట్టె సర్దితే తప్ప నోరు విప్పని మొగుడిలాగ. ఆస్ట్రేలియాలో ఈ కాపురం గుట్టు బజారుకెక్కింది. అక్కడ ఒక్కరు వాడుకునే వార్షిక చందా 45 శాతం పెరిగింది. చవకది ఉన్న సంగతి సుమారు 27 లక్షల మందికి స్పష్టంగా చెప్పలేదంటూ ఆ దేశపు వినియోగదారుల సంస్థ ఏసీసీసీ 2025 అక్టోబరులో ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. కొద్దిరోజులకే కంపెనీ క్షమాపణ చెప్తూ ఖాతాదారులకు మెయిళ్లు పంపి, పాత చందాకు మారేవాళ్లకు డబ్బు వాపసు ఇస్తానంది. ఆ క్షమాపణ ఎవరు రాశారో, ఏ స్వరంలో రాశారో తెలుసుకోవాలని నాకు ఉబలాటం.

ఒక మాట ఒప్పుకోవాలి. అక్షరాలు తారుమారయ్యే ఇబ్బంది ఉన్నవాళ్లకు, తమది కాని భాషలో ఉద్యోగానికి అర్జీ పెట్టుకునేవాళ్లకు ఈ సాయం నిజంగా సాయమే. వాళ్లు అడుగుతారు, అడగ్గానే రావాలి. నా గొడవంతా ఆ అడగటం గురించే.

శరణు కోరేవాళ్లకు దారులు మూసుకుపోలేదు. ఓపెన్‌ఆఫీస్ నుంచి 2010లో విడిపోయి వచ్చిన లిబ్రేఆఫీస్ అనే రాతకోతల సాఫ్ట్‌వేర్ ఉంది. ఉచితం. అందులో కృత్రిమ మేధ కావాలంటే మనమే బయటినుంచి తెచ్చి తగిలించుకోవాలి. అంతటి మర్యాద చూసి మొదటిరోజు నాకు అనుమానమొచ్చింది కూడా. ఇదీ కాదనుకుంటే నోట్‌ప్యాడ్ చాలనుకునేవాణ్ని. 1985లో మొదటి విండోస్‌తో వచ్చిన ఆ అమాయకురాలు దాదాపు 40 ఏళ్లు అక్షరాలు దాచిపెట్టటం తప్ప ఇంకో పని ఎరగదు. ఇప్పుడు దానికీ ‘తిరగరాయి’ తగిలించారు. సెట్టింగుల్లోకి వెళ్లి ఆపుకోవచ్చులెండి. వర్డ్‌ప్యాడ్ అయితే ఈ అవమానం చూడకుండానే వెళ్లిపోయింది. 2024 విండోస్ 11 వెర్షన్‌లో దాన్ని తీసేశారు. పేరుమోసిన అమెరికన్ నవలాకారుడొకాయన ఇంటర్నెట్ లేని పాతకాలపు డాస్ యంత్రం మీద, వర్డ్‌స్టార్ 4.0 అనే అంతే పాత వర్డ్ ప్రాసెసర్‌లో రాస్తానని, తనకెవరి సాయమూ అక్కర్లేదని 2014లో టీవీలో చెప్పాడు. ఆయన ప్రసిద్ధ నవలాక్రమంలో 2011 తర్వాత రావాల్సిన పుస్తకం ఇంకా రాలేదు. సాయం తీసుకుని ఉంటే మూడు సెకన్లలో వచ్చేసేది, బహుశా పట్టికగా.

నా ఉత్తరం మాత్రం వెళ్లింది. పాత మూడు వాక్యాలే, చేర్చిందేమీ లేదు. వారం తిరక్కుండా వదిన దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. “మీ ఆలోచనాత్మకమైన సందేశానికి హృదయపూర్వక ధన్యవాదాలు” అని మొదలైంది. సమానంగా కత్తిరించినట్టు మూడు పేరాలు, ఒక్క అక్షరం అటూ ఇటూ పోలేదు. ఈ కష్టకాలంలో అన్నారు, అమూల్యమైన మద్దతు అన్నారు. ఆవిడ ఎప్పుడూ నన్ను మీరు అని కూడా పిలవలేదు. సగంలో ఆపేసేవాణ్నే, చూపు జారి సంతకం కిందికి పోయింది. అక్కడ విడిగా ఒక వాక్యం ఉంది.

“నీ స్నేహితుడి ఫోన్లో అలారం రోజూ అయిదింటికి మోగుతానే ఉంది, ఎట్టా ఆపాలో తెలుసు గానీ ఆపబుద్ది కావట్లేదు.”

దాచుకుందామని ఆ ఒక్క వాక్యాన్నీ తీసి కొత్త ఫైల్లో అతికించాను. ‘బుద్ది’ కింద ఎర్రగీత పడింది. పక్కన నక్షత్రాలు మెరిశాయి.

ఈసారి ‘ఇప్పుడు కాదు’ కోసం వెతకలేదు. దాన్ని అక్కడే నిలబడనిచ్చి, ఫైలుకు వాడి పేరు పెట్టి మూసేశాను.