తిట్టడానికి మనిషి కావలెను

ఇంటర్నెట్ వచ్చాక రోజువారీ బతుకు బాగుపడిందా, చెడిందా అని నన్నెవరూ అడగలేదు. అయినా చెబుతాను. క్యూలో నిలబడే బాధ తప్పింది, నిజమే. దాంతోపాటే కౌంటర్లో కూర్చున్న మనిషిని తిట్టుకునే సుఖమూ పోయింది. లెక్క వేసి చూస్తే మనకే నష్టం.

కౌంటర్ గుమాస్తా అంటే సామాన్యుడా? అద్దానికి అరచెయ్యి పట్టేంత కన్నం, దాని వెనక ముక్కు మీదకి జారిన కళ్లజోడు. సరిగ్గా మన వంతు వచ్చేసరికి టీకి లేచేవాడు. అంతే, లైన్లో ఉన్న నలభై మందీ కులం, పార్టీ మరిచిపోయి ఒక్కటయ్యేవాళ్లు. ముందున్నాయన గొణిగితే వెనకున్నాయన అందుకునేవాడు. "వీళ్లకి జీతాలెందుకిస్తున్నారండీ" దగ్గర మొదలైన పరిచయం "మీదే ఊరు" మీదుగా "మావాడికీ సంబంధాలు చూస్తున్నాం" దాకా వెళ్లేది. ఇంటికొచ్చేసరికి బీపీ కూడా తగ్గేదని నా గట్టి నమ్మకం. డాక్టర్లు ఒప్పుకోరు. వాళ్ల గది ముందూ క్యూ ఉంటుంది కదా.

2001లో హైదరాబాదులో ఈ-సేవ వచ్చింది. కరెంటు, నీళ్లు, ఫోను బిల్లులన్నీ ఒకే చోట కట్టొచ్చన్నారు. అందరూ సంబరపడ్డారు. మూడు ఆఫీసుల్లో ముగ్గుర్ని తిట్టుకోవాల్సిన చోట ఒక్కడితోనే సరిపెట్టుకోవాల్సి వస్తుందని ఎవరికీ తట్టలేదు. మరుసటి ఏడాది రైలు టికెట్లూ ఇంటర్నెట్ ఎక్కాయి. 2016లో యూపీఐ వచ్చి మిగిలిన ఆ ఒక్కణ్ణీ మన చేతిలోంచి లాగేసుకుంది. టికెట్ వెనక రెండు రూపాయల బాకీ రాసిచ్చి, దిగేదాకా మనవైపు చూడని బస్సు కండక్టరుతో తగాదా ఒక్కటే అక్కడక్కడా మిగిలింది. అదెన్నాళ్లుంటుందో.

ఇప్పుడు గుమాస్తా ఎవరనుకున్నారు? మనమే. పేరు మనమే కొట్టాలి, వయసు మనమే కొట్టాలి, వంకరటింకర అక్షరాలు చూసి మనిషినేనని మనమే రుజువు చేసుకోవాలి. తప్పు జరిగితే ఆ గుమాస్తాని తిట్టడం ఎలా?

మొన్న జరిగింది చెబుతాను. విశాఖపట్నంలో పెళ్లి. స్లీపర్ తత్కాల్ పదకొండింటికి తెరుస్తారు. ఏజెంట్ల ఆట కట్టించాలని 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ ఓటీపీ పెట్టారు. మంచిదే. కాకపోతే నా ఆధార్‌కి ఉన్నది మా నాన్న నంబరు. అప్పట్లో నేను నెలకో సిమ్ మార్చేవాణ్ణి కాబట్టి అది ఇచ్చాం. మార్పించాలని ఏడేళ్లుగా అనుకుంటున్నాను. ఈ ఏడేళ్లకు బాధ్యుడెవరో మీకు చెప్పక్కర్లేదు.

పదకొండుకి నేను లాప్‌టాప్ ముందు, నాన్న రైతుబజార్లో. ఫోన్ చేశాను.

"నాన్నా, మెసేజ్ వచ్చిందా? అందులో నంబరు చెప్పండి, త్వరగా!"

"కళ్లజోడు తేలేదురా, ఆగు." పక్కనెవరికో ఫోన్ ఇచ్చినట్టున్నారు. "అమ్మాయ్, ఇదేమిటో చూసి చెప్పు."

వంకాయలమ్మే అమ్మాయి ఆరంకెలూ గట్టిగానే చదివింది. సరిగ్గా అప్పుడే పక్క కొట్టు మైకులో "కిలో ఇరవై, కిలో ఇరవై" అందుకుంది. బజారంతా విన్నారు, నేను తప్ప. ఆ పిల్ల చదువుకున్నది. అక్కడితో ఆగకుండా, "ఇది ఎవరికీ చెప్పొద్దని రాశారు తాతా" అంది.

నాన్న గొంతు మారిపోయింది. "ఎవరు మాట్లాడేది?"

"నేనే నాన్నా! మీ అబ్బాయిని!"

"మా అబ్బాయే చెప్పాడు, వాడడిగినా చెప్పొద్దని. ఈ మధ్య గొంతులు కూడా మార్చి మాట్లాడుతున్నారంట కదా. పెట్టేస్తావా, సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్యమంటావా?"

కిందటి నెల సైబర్ మోసాల గురించి అరగంట క్లాసు పీకింది నేనే. అంత శ్రద్ధగా విన్నారని నాకప్పుడు తెలీదు.

పదకొండూ నాలుగుకి వెయిటింగ్ లిస్టు కనబడింది. ఎవర్ని తిట్టాలి? నాన్నను తిట్టలేం. ఆ అమ్మాయిది తప్పు కాదు. ఇలాంటి కోపాలన్నీ దాచుకుని, ఓ రాత్రి ఒక కంపెనీ చాట్‌బాట్‌ని, పేరెందుకులెండి, మా తాత దగ్గర నేర్చుకున్న తిట్లతో కడిగేశాను. "క్షమించండి, అర్థం కాలేదు. దయచేసి మళ్లీ చెప్పండి" అంది. తిట్టిన తిట్టు మళ్లీ తిట్టమంటే ఎవరికి ఊపుంటుంది? చివర్లో ఈ సంభాషణకు ఎన్ని స్టార్లిస్తారని అడిగింది.

కాబట్టి రెండు తెలుగు ప్రభుత్వాలకూ నా విన్నపం. వార్డుకొక తిట్లు తినే ఉద్యోగిని వెంటనే నియమించాలి. పని ఏమీ చెయ్యక్కర్లేదు. అద్దం, కన్నం, కళ్లజోడు ఉంటే చాలు. మధ్యమధ్యలో టీకి లేవాలి. అవుట్‌సోర్సింగ్ వద్దు, నెలకో మనిషి మారితే తిట్టడానికి చనువు కుదరదు.

సాయంత్రం నాన్న సంచీ దించి, మంచినీళ్లు తాగి, నన్ను దగ్గరికి పిలిచారు. చుట్టూ చూసి గొంతు తగ్గించారు.

"పొద్దున ఎవడో అచ్చం నీ గొంతుతో ఫోన్ చేశాడురా. చచ్చినా చెప్పలేదు."