ముందు ఔననీ, వెనక కాదనీ

హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు ఒకే విషయం మీద పోరాడారు. ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని మందుల షాపుల్లో అమ్ముడయ్యే తియ్యటి డబ్బాలు ఓఆర్‌ఎస్ కాదనీ, విరేచనాలతో నీరసించిన పిల్లలకు వాటిని తాగించొద్దనీ. చివరికి 2025 అక్టోబరు 14న దేశంలో ఆహార పదార్థాల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కదిలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) చెప్పిన పాళ్లలో లేని ఏ పానీయం పేరులోనూ ఆ మూడక్షరాలు ఉండకూడదంది.

అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములే, ఉప్పు 2.6 గ్రాములు. కిటుకంతా ఆ కొలతలోనే ఉంది. గ్లూకోజు, సోడియం సరైన పాళ్లలో కలిసి అందితే పేగు నీటిని పీల్చుకుంటుంది. చక్కెర మితిమీరితే ఒంట్లో నీరే పేగులోకి దిగి విరేచనాలు ఇంకా ముదురుతాయి. ఆ డబ్బాల్లో చక్కెర ఎన్నో రెట్లు ఎక్కువ. అట్ట మీదేమో నిగనిగలాడే పళ్ల బొమ్మలు. కూల్‌డ్రింకుల పక్కన పెట్టి అమ్ముకుంటే ఇంత గొడవే లేదు. పెట్టింది ఆస్పత్రి కింద ఫార్మసీలో. సెలవులకు అమెరికా నుంచి ఊరెళ్లిన మన పిల్లలకు నీళ్లు పడక మోషన్లు పట్టుకుంటే, నాయనమ్మ హడావుడిగా వెళ్లి కొనేది అక్కడే. ఆవిడ లేబుల్ చదువుతూ నిలబడుతుందా?

నాకు ఒళ్లు మండేది వేరే సంగతికి. 2022 ఏప్రిల్‌లోనే ఆ పేరు వద్దన్న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, జూలైకల్లా మెత్తబడింది. ‘ఇది డబ్ల్యూహెచ్‌ఓ సూచించిన ఓఆర్‌ఎస్ కాదు’ అని డబ్బా మీద రాస్తే పేరు ఉంచుకోవచ్చంది. మూడేళ్లకు పైగా అదే నడిచింది. పెద్దక్షరాల్లో ఔనని, చీమ తలకాయంత అక్షరాల్లో కాదంటే చట్టానికి సరిపోయింది!

ఇక్కడ అమెరికాలో మాత్రం ఏం తక్కువ? ఇండియన్ గ్రోసరీలో కాకరకాయ మాత్రల సీసా తిప్పి చూడండి. ముందువైపు రక్తంలో చక్కెర గురించి ఊరించే మాట. వెనక, ఈ మాటను ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిశీలించలేదనీ, ఇది ఏ జబ్బునూ నయం చేయడానికి కాదనీ. 1994 నాటి సప్లిమెంట్ల చట్టం ఇచ్చిన వెసులుబాటు అది. అన్నట్టు, వంటనూనె స్ప్రే డబ్బా కూడా చూడండి. లోపల ఎక్కువ భాగం నూనే, లేబుల్ మీద కొవ్వు సున్నా! చాలా డబ్బాల లెక్కలో ఒక సర్వింగ్ అంటే పావు సెకను నొక్కడం మరి. పావు సెకనులో దోసెల పెనం తడుస్తుందా?

కంపెనీలను తిట్టడం తేలికే. ఇక్కడి మన తెలుగు సంఘాలు వేసే సావనీర్లు, అదే ఉత్సవాల ప్రత్యేక సంచికలు, తిరగేయండి. షుగర్ ఉన్నవాళ్లు నిశ్చింతగా తినే బియ్యం, మోకాళ్ల నొప్పులు మాయం చేసే తైలం, పక్కనే తెల్లకోటు వేసుకున్న మోడల్. చివరి పేజీలో ‘ప్రకటనలతో సంపాదకవర్గానికి సంబంధం లేదు’. డబ్బు తీసుకున్నాక సంబంధం లేకపోవడమేమిటండీ? ఇక్కడికి వచ్చిన మన అమ్మానాన్నలు ఆ బియ్యం కొనేది కంపెనీని నమ్మి కాదు, ‘మనవాళ్ల పుస్తకంలో వేశారు కదా’ అని.

ప్రకటనలు లేకపోతే సావనీరు అచ్చుకాదు, ఒప్పుకుంటాను. ప్లాట్లు, నగలు, టాక్స్ ఫైలింగ్, శుభ్రంగా వేసుకోండి. రోగం పేరెత్తిన ప్రకటన వస్తే మాత్రం ముందు ఆధారం అడగండి. ఏ కార్యవర్గంలో చూసినా డాక్టర్లకు కొదవలేదు. వేదిక మీద శాలువాలు కప్పించుకునే ముందు ఓ పదినిమిషాలు ఆ కాగితాలు చూడమనండి. కన్వెన్షన్‌లో స్టాల్ అడిగినవాళ్లకూ ఇదే షరతు. ఆధారం చూపలేకపోతే, ప్లాటినం స్పాన్సరైనా సరే, చెక్కు వెనక్కి ఇచ్చేయండి.